కౌంటీ ఆఫీసులో రికార్డులు ఎలా అడగాలి? ఒకరి దగ్గరికి వెళ్తే ఇంకొకరి దగ్గరికి పంపుతున్నారు

మాగాణి
టెక్సాస్‌లో డాలస్‌కి ఉత్తరాన మాకు ఇల్లు ఉంది. పెరట్లో కంచె పక్కన పందిరి వేద్దామని కాంట్రాక్టరును పిలిస్తే, అతను సర్వే కాగితం చూసి "ఇక్కడ డ్రైనేజీ ఈజ్‌మెంట్ ఉంది, ఏమీ కట్టకూడదు" అన్నాడు. ఈజ్‌మెంట్ అంటే మన స్థలాన్ని వేరొకరు వాడుకునే హక్కు. ఆ హక్కు ఎవరిది, ఎన్ని అడుగుల వరకు, ఎప్పుడు రాసిచ్చారు అనే వివరాలు సర్వేలో లేవు. కౌంటీ (ఇక్కడి జిల్లా లాంటిది) వాళ్లను అడిగితే సిటీకి వెళ్లమన్నారు. సిటీ వాళ్లేమో కౌంటీలోనే ఉంటుందన్నారు. చివరికి ఓపెన్ రికార్డ్స్ చట్టం (మన సమాచార హక్కు చట్టం లాంటిది) కింద కౌంటీకి ఈమెయిల్ రాశాను. "మా ఇంటి వెనక స్థలం మీద ఎవరికి హక్కు ఉంది, ఎందుకు ఇచ్చారు, దాన్ని తీసేయించడానికి ఏం చేయాలి" అని అడిగాను. మీరు కోరిన దానికి సంబంధించిన పత్రాలేవీ మా దగ్గర లేవని ఒక్క వాక్యంలో జవాబు ఇచ్చారు. నా ఇంటి కాగితాలు వాళ్ల దగ్గర లేకపోతే ఇంకెక్కడ ఉంటాయి? ఏటా వేల డాలర్లు పన్ను కడుతున్నాం, ఈ మాత్రం చెప్పలేరా?

పొద్దుతిరుగుడు
ముందు కౌంటీ సరైనదేనా చూసుకోండి. ఫ్రిస్కో లాంటి ఊరు కాలిన్, డెంటన్ రెండు కౌంటీల్లోనూ ఉంది. అడ్రసులో ఊరి పేరు చూస్తే ఇల్లు ఏ కౌంటీలో ఉందో తెలియదు. పన్ను బిల్లు మీద ఉంటుంది.

మాగాణి
అది చూసుకున్నానండి. కౌంటీ సరైనదే.

కాగితాలపురుగు
టెక్సాస్‌లో టైటిల్ కంపెనీలో, అంటే ఆస్తి హక్కు పత్రాలు పరిశీలించి వాటికి ఇన్సూరెన్సు ఇచ్చే సంస్థలో, చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. రోజంతా ఇదే పని కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

"కౌంటీ ఆఫీసు" అనేది ఒకటి కాదు. భవనం ఒకటే కావచ్చు, లోపల ఎవరి రికార్డులు వారివే. కౌంటీ క్లర్క్ వేరు, డిస్ట్రిక్ట్ క్లర్క్ వేరు, పన్ను వసూలు చేసే అధికారి వేరు. వీళ్లంతా విడివిడిగా ఎన్నికై వచ్చినవాళ్లు. ఆస్తి దస్తావేజులు, తనఖా పత్రాలు, ఈజ్‌మెంట్లు, ప్లాట్ మ్యాపులు (లేఅవుట్ పటాలు), పెళ్లి లైసెన్సులు కౌంటీ క్లర్క్ దగ్గర ఉంటాయి. విడాకుల తీర్పులు, పెద్ద నేరాల కేసులు డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర. మన ఇళ్లకు విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్ కౌంటీ ప్రభుత్వంలో భాగమే కాదు, అది విడి సంస్థ. ఊరి పరిధిలో కట్టే ఇంటి పర్మిట్లు, జోనింగ్ కాగితాలు సిటీ దగ్గర. అందుకే అందరూ మిమ్మల్ని తిప్పారు. ఎవరి మటుకు వారు నిజమే చెప్పి ఉంటారు, కానీ దారి మాత్రం ఎవరూ చూపలేదు.

మీ పనికి అసలు ఓపెన్ రికార్డ్స్ అర్జీ అక్కరలేదు. రిజిస్టర్ అయిన పత్రాలు ఎవరైనా వెతుక్కోవచ్చు. ఇల్లు కొన్నప్పుడు టైటిల్ కంపెనీ ఇచ్చిన కట్టలో "టైటిల్ కమిట్‌మెంట్" అనే పత్రం ఉంటుంది. అందులో షెడ్యూల్ బి తీయండి. మీ టైటిల్ ఇన్సూరెన్సు వర్తించని అంశాలన్నీ అక్కడ రాసి ఉంటాయి. ఈజ్‌మెంట్లు ఉండేది అక్కడే. ఒక్కోదాని పక్కన వాల్యూమ్, పేజీ లేదా డాక్యుమెంట్ నంబరు ఉంటుంది. ఆ నంబరును కౌంటీ క్లర్క్ వెబ్‌సైటులో వెతకండి.

ఆ కట్ట దొరక్కపోతే అప్రైజల్ డిస్ట్రిక్ట్ సైటులో మీ అడ్రసు కొట్టి సబ్‌డివిజన్ (లేఅవుట్) పేరు, బ్లాకు, లాటు నంబర్లు రాసుకోండి. వాటితో కౌంటీ క్లర్క్ దగ్గర మీ సబ్‌డివిజన్ ప్లాట్ మ్యాపు అడగండి. డ్రైనేజీ ఈజ్‌మెంట్ చాలాసార్లు ఆ మ్యాపు మీదే గీసి ఉంటుంది. ఎన్ని అడుగులో కూడా అక్కడే రాస్తారు.

గోదారిగట్టు
అంటే మన దగ్గర ఈసీ తీయించి లింకు డాక్యుమెంట్లు చూసుకోవడమే కదా?

కాగితాలపురుగు
దగ్గరి చుట్టమే, కానీ ఒకటి కాదు. ఈసీ అడిగితే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల జాబితా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు తయారు చేసి ఇస్తుంది. ఇక్కడ ఎక్కువ చోట్ల సూచిక పేర్ల వారీగా ఉంటుంది, ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు అని. ఒక పేరు నుంచి ఇంకో పేరుకు మనమే వెనక్కి నడుచుకుంటూ పోవాలి. హక్కు ఎవరిదో క్లర్క్ తేల్చి చెప్పరు, పత్రం భద్రపరిచి, అడిగితే చూపిస్తారంతే.

తెల్లచేమంతి
పేర్ల వారీగా అన్నారు కాబట్టి మన వాళ్లకు ఒక హెచ్చరిక. మా ఆయన పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలోనే పేరంతా ఉంది. వీసా మీద మొదటి పేరు దగ్గర "ఎఫ్‌ఎన్‌యూ" అని వేశారు, మొదటి పేరు తెలియదని అర్థం. ఇంటి దస్తావేజు కూడా అదే పేరుతో రిజిస్టర్ అయింది. కౌంటీ సైటులో మామూలుగా పిలిచే పేరుతో వెతికితే ఏమీ రాలేదు. ఎఫ్‌ఎన్‌యూతో కలిపి వెతికితే వెంటనే వచ్చింది.

చినుకు
మా నాన్నగారి పేరు వెంకట సత్య సూర్యనారాయణ మూర్తి. సూచికలో "వెంకట ఎస్" వరకే ఎక్కింది. మిగతా దేవుళ్లకు గడి చాలలేదు!

కాగితాలపురుగు
నవ్వొచ్చినా ఇది చాలా ముఖ్యమైన సంగతి. ఇంటిపేరుతో ఒకసారి, అసలు పేరునే ఇంటిపేరు అనుకుని ఒకసారి, మొదటి నాలుగైదు అక్షరాలతో ఒకసారి వెతకండి. భార్యాభర్తలిద్దరి పేర్లూ ప్రయత్నించండి. పేరుతో దొరకనిది సబ్‌డివిజన్, లాటు నంబర్లతో దొరకవచ్చు.

నల్లరేగడి
నేను వరంగల్ నుంచి. సమాచార హక్కు అర్జీలు రాయడం నాకు అలవాటు. మాగాణి గారి ఈమెయిల్ చదివితే అసలు చిక్కు తెలిసిపోతోంది. ఆయన ప్రశ్న అడిగారు, పత్రం అడగలేదు. ఇక్కడా అంతే. "రోడ్డు ఎందుకు వేయలేదు" అని అడిగితే జవాబు రాదు. "ఈ రోడ్డుకు ఫలానా సంవత్సరాల్లో మంజూరైన నిధుల ఉత్తర్వులు, మెజర్‌మెంట్ బుక్ నకళ్లు ఇవ్వండి" అంటే ఇచ్చి తీరాలి. ఎందుకు, ఎలా అనే మాటలు అర్జీలో ఉండకూడదు.

ఇంకో సంగతి. మన 2005 చట్టంలో సెక్షన్ 6(3) ఉంది. తప్పు ఆఫీసుకు అర్జీ పెడితే వాళ్లే 5 రోజుల్లో సరైన ఆఫీసుకు పంపాలి. అమెరికాలో అది లేదా?

కాగితాలపురుగు
టెక్సాస్ చట్టంలో ఆ బాధ్యత లేదు. మా దగ్గర లేదు అని చెప్పి ఊరుకోవచ్చు. ఈ ఒక్క విషయంలో మన చట్టమే మెరుగు.

బ్లూబానెట్
పత్రం అడగాలన్న మాట సరే, కానీ తప్పంతా అడిగినవాడిదే అన్నట్టు మాట్లాడితే నేను ఒప్పుకోను. ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిన పని, కొత్తగా పత్రం తయారు చేయాల్సిన పని లేదన్నది నిజం. అయితే అడిగినదాన్ని తమ దగ్గర ఉన్న సమాచారంతో నిజాయితీగా పోల్చి చూడాలి కదా. అస్పష్టంగా ఉంటే వివరణ అడిగే వీలు చట్టమే ఇచ్చింది. "మీకు ఈజ్‌మెంట్ పత్రం కావాలా?" అని ఒక్క ఈమెయిల్ పెడితే సరిపోయేది. సామాన్యుడికి గుమాస్తా భాష రావాలని ఎక్కడా రాసి లేదు.

నల్లరేగడి
న్యాయంగా మీ మాటే నిజం. నేను చెప్పింది పని జరిగే దారి.

ఊరిబావి
పది రోజుల్లో ఇవ్వాలి కదా? మా కాలనీ పక్కన కౌంటీ రోడ్డు కాంట్రాక్టు కాగితాలు అడిగాను. పది రోజులు దాటినా దిక్కు లేదు.

బ్లూబానెట్
పది పని దినాలు. పైగా అది చాలామంది అనుకునే గడువు కాదు. చట్టం చెప్పేది ఆలస్యం చేయకుండా ఇవ్వమని. ఆ 10 పని దినాల్లో ఇవ్వలేకపోతే ఎప్పుడు ఇస్తారో రాతపూర్వకంగా చెప్పాలి. ఫలానా పత్రం ఇవ్వకూడదు అనుకుంటే అదే 10 పని దినాల్లో రాష్ట్ర అటార్నీ జనరల్ నిర్ణయం కోరాలి. అటార్నీ జనరల్‌కు 45 పని దినాల వరకు సమయం ఉంటుంది. అలా కోరితే మీకూ తెలియజేయాలి. ఏ కబురూ లేకపోతే అటార్నీ జనరల్ కార్యాలయంలో ఓపెన్ రికార్డ్స్ విభాగానికి ఫిర్యాదు చేయండి.

టెక్సాస్‌తాతయ్య
బాబూ, ముందు స్పామ్ ఫోల్డర్ చూడు. ఖర్చు 40 డాలర్లు దాటేలా ఉంటే లెక్క వేసి ముందుగా పంపాలి. దానికి 10 పని దినాల్లో నువ్వు జవాబు ఇవ్వకపోతే అర్జీ వెనక్కి తీసుకున్నట్టే లెక్క. మా గుడి కమిటీలో ఒకాయనకు సరిగ్గా ఇలాగే జరిగింది.

ఈ చట్టం వచ్చిన కథ కూడా చెప్పాలి. 1970ల మొదట్లో షార్ప్‌స్‌టౌన్ షేర్ల కుంభకోణం బయటపడింది. హ్యూస్టన్ బ్యాంకు, రాష్ట్ర పెద్ద నాయకులు, షేర్ల లాభాలు అంటూ నానా గొడవ. జనం కోపానికి ఆ నాయకుల్లో చాలామంది ఎన్నికల్లో ఓడిపోయారు. 1973లో ఈ చట్టం చేశారు. అది జనం సాధించుకున్నది, వాడుకోకపోతే మనదే నష్టం.

ఊరిబావి
స్పామ్‌లోనే ఉంది తాతయ్యా! ఇంకా గడువు ఉంది. కాంట్రాక్టు మొత్తం కాకుండా పని పరిధి, చెల్లింపుల పేజీలు చాలని రాశాను, ఖర్చు తగ్గుతుంది.

వలసపిట్ట
నేను హెచ్1బి మీద ఉన్నాను. ఇలాంటివి అడిగితే వీసాకు ఇబ్బంది రాదు కదా? ఎందుకు అడుగుతున్నావని అంటే ఏం చెప్పాలి?

బ్లూబానెట్
టెక్సాస్‌లో పౌరులే అడగాలన్న నియమం లేదు. ఎందుకు కావాలి అని అధికారి అడగడమే చట్టవిరుద్ధం. ధైర్యంగా అడగండి.

నల్లరేగడి
కారణం చెప్పనక్కరలేదని మన సెక్షన్ 6(2) కూడా అంటుంది. కానీ మన చట్టం పౌరులకే. రుసుము మాత్రం మీకంటే చాలా చౌక. మా తెలంగాణలో గ్రామ స్థాయిలో ఏమీ లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10.

మాలతీలత
అందరూ ఓపెన్, ఓపెన్ అని మురిసిపోతున్నారు. నాకైతే భయం వేస్తోంది. నేను ఒంటరిగా ఉంటాను. నా పేరు కొడితే ఇంటి అడ్రసు, ఎంత అప్పు తీసుకున్నానో, చివరికి నా సంతకం కూడా ఎవరైనా చూడవచ్చు. దీన్ని హక్కు అనాలా?

గోదారిగట్టు
నిజమే. నా సంతకం ఇంటర్నెట్లో చూసి నేనూ ఉలిక్కిపడ్డాను.

కాగితాలపురుగు
మాలతీలత గారి భయం అర్థం లేనిది కాదు. గృహహింస బాధితులు, జడ్జీలు, పోలీసులు లాంటి కొన్ని వర్గాల వారు అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో అడ్రసు గోప్యంగా ఉంచమని కోరవచ్చు. మిగిలిన వారికి ఆ వీలు లేదు. అయినా దస్తావేజులు తెరిచి ఉండాలన్నదే నా గట్టి నమ్మకం. మూసేస్తే మీ ఇంటిని ఎవరో దొంగ సంతకంతో రాయించుకున్నా మీకు తెలిసే దారి ఉండదు. చాలా కౌంటీల్లో ఉచిత హెచ్చరిక సేవ ఉంది. మీ పేరు నమోదు చేస్తే, ఆ పేరుతో ఏ పత్రం రిజిస్టర్ అయినా ఈమెయిల్ వస్తుంది. ఈ రోజే నమోదు చేసుకోండి. పేరు ఎన్ని రకాలుగా రాస్తారో అన్ని రకాలుగానూ పెట్టండి.

మాలతీలత
హెచ్చరిక సేవ పెట్టుకున్నాను, కృతజ్ఞతలు. కానీ పత్రం ఉందని తెలియడం వేరు, సంతకంతో సహా ప్రపంచమంతా ఇంట్లో కూర్చుని చూడడం వేరు. ఆఫీసుకు వచ్చి చూసుకోమంటే సరిపోదా? నా అభిప్రాయం మారలేదు.

చినుకు
దస్తావేజు కాపీకి దాదాపు వంద డాలర్లు కట్టమని మాకు ఉత్తరం వచ్చింది. గ్రద్ద బొమ్మ, గడువు తేదీ, అచ్చం ప్రభుత్వ నోటీసు. ఇది కౌంటీ పంపిందేనా?

టెక్సాస్‌తాతయ్య
చించి పారెయ్యి తల్లీ. ఇల్లు కొన్న ప్రతివాడికీ ఇలాంటివి వస్తాయి. కింద చిన్న అక్షరాల్లో "ఇది ప్రభుత్వ సంస్థ కాదు" అని రాసే ఉంటుంది, అద్దాలు పెట్టుకుని చదువు.

కాగితాలపురుగు
టెక్సాస్‌లో కౌంటీ క్లర్క్ దగ్గర మామూలు కాపీ పేజీకి 1 డాలరు. ధ్రువీకరించిన కాపీ కావాలంటే పైన 5 డాలర్లు. మామూలు దస్తావేజు నాలుగైదు పేజీలు దాటదు. మిగిలిన లెక్క మీరే వేసుకోండి.

పొద్దుతిరుగుడు
మా వీధిలో ఇళ్లు ఎంతకు అమ్ముడుపోయాయో దస్తావేజుల్లో తెలుస్తుందా? పన్ను కోసం కట్టిన ఇంటి విలువ మీద అభ్యంతరం పెట్టాలి.

కాగితాలపురుగు
టెక్సాస్‌లో తెలియదు. అమ్మకపు ధర ప్రభుత్వానికి చెప్పాల్సిన పని ఇక్కడ లేదు. దస్తావేజులో "పది డాలర్లు, ఇతర విలువైన ప్రతిఫలం" అని రాసి వదిలేస్తారు. మీకు పనికొచ్చేది వేరే ఉంది. అభ్యంతరం పెట్టాక, విచారణలో అప్రైజల్ డిస్ట్రిక్ట్ చూపబోయే ఆధారాలన్నీ ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. విచారణకు కనీసం 14 రోజుల ముందు ఇవ్వాలి. వాళ్లు పోల్చిన ఇళ్ల వివరాలు అందులో ఉంటాయి. అభ్యంతరానికి గడువు మే 15, లేదా నోటీసు పంపాక 30 రోజులు, ఏది తర్వాత వస్తే అది.

ఎడిసన్‌అమ్మ
నాది న్యూజెర్సీ. పాపకు ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతి వారికి ఇచ్చే కార్డు) కోసం జనన ధ్రువపత్రం కావాలి. కౌంటీ క్లర్క్ దగ్గరికి వెళ్తే ఇక్కడ కాదన్నారు.

జెర్సీమామ
న్యూజెర్సీలో జనన, మరణ, వివాహ రికార్డులు కౌంటీ దగ్గర ఉండవమ్మా. మున్సిపాలిటీ రిజిస్ట్రార్ దగ్గర ఉంటాయి. అది కూడా మీరు ఉండే ఊరు కాదు, ఆసుపత్రి ఉన్న ఊరు. ఆస్తి దస్తావేజులు మాత్రం చాలా కౌంటీల్లో కౌంటీ క్లర్క్ దగ్గరే. తల్లిదండ్రుల పేర్లు ఉన్న ధ్రువీకరించిన కాపీయే అడగండి.

ఫ్రీమాంట్‌పక్షి
కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకు ఒక మాట. ఇక్కడ జనన ధ్రువపత్రాలు రెండు రకాలు. ఎవరు అడిగినా ఇచ్చే దాని మీద, గుర్తింపు కోసం చెల్లదని ముద్ర ఉంటుంది. మనకు కావలసింది ఆథరైజ్డ్ కాపీ. పోస్టులో అడిగితే నోటరీ చేయించిన ప్రమాణ పత్రం జతచేయాలి. మా వదినకు మొదటి రకం వచ్చి మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది.

ఎడిసన్‌అమ్మ
కౌంటీ వాళ్లే అపోస్టిల్ (పత్రం వేరే దేశంలో చెల్లడానికి వేసే ధ్రువీకరణ) కూడా వేస్తారా?

జెర్సీమామ
వేయరు. అది రాష్ట్ర ప్రభుత్వం పని. భారతదేశం 2005లో అపోస్టిల్ అంతర్జాతీయ ఒప్పందంలో చేరింది కాబట్టి మన దగ్గర చెల్లుతుంది. మీ దరఖాస్తుకు అది అవసరమో కాదో కాన్సులేట్ జాబితాలో చూసుకుని అప్పుడు డబ్బు పెట్టండి.

మాగాణి
షెడ్యూల్ బి దొరికింది. ఈజ్‌మెంట్లు రెండు ఉన్నాయి. ఒకటి ప్లాట్ మ్యాపులోనే ఉంది, కంచె నుంచి పది అడుగులు, హక్కు సిటీది. రెండోది విద్యుత్ సంస్థకు విడిగా రాసిచ్చిన పత్రం, మేం కొనడానికి చాలా ముందుది. రెండూ కౌంటీ క్లర్క్ సైటులో కనిపించాయి. కాపీలు తెప్పించుకున్నాను. మొదటి రోజే ఆ కౌంటర్లో ఎవరైనా ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే బాగుండేది. పందిరిని పది అడుగులు లోపలికి జరిపితే సరిపోతుందా?

కాగితాలపురుగు
రెండో పత్రంలో వెడల్పు ఎంతో చదవండి. అది పది అడుగులు దాటితే ఆ కొలతే లెక్క. తర్వాత సిటీ పర్మిట్ కౌంటర్లో రెండు కాపీలూ చూపించి రాతపూర్వకంగా అడగండి. మీ కాలనీ సంఘం అనుమతి కూడా కావాలి.

ఓహాయోచలి
మాకు వర్జీనియాలో అద్దె ఇల్లు ఉంది. పాత యజమాని బేస్‌మెంట్ కట్టించినప్పటి తనిఖీ కాగితాలు కౌంటీని అడిగితే, వర్జీనియా పౌరులకే ఇస్తామన్నారు. ఇలా అనవచ్చా?

బ్లూబానెట్
అనవచ్చు. అక్కడి చట్టం అలాగే ఉంది. 2013లో మెక్‌బర్నీ కేసులో సుప్రీం కోర్టు కూడా ఆ నియమాన్ని సమర్థించింది. బయటి రాష్ట్రం వారికి ఇవ్వకూడదని మాత్రం లేదు, ఇష్టముంటే ఇవ్వవచ్చు. కాబట్టి ఇంటి యజమానినని పన్ను బిల్లు జతచేసి మర్యాదగా ఇంకోసారి అడగండి. కుదరకపోతే వర్జీనియాలోనే ఉండే మీ అద్దెదారు చేత అడిగించండి. దస్తావేజుల కోసమైతే ఈ గొడవ లేదు, అవి సర్క్యూట్ కోర్టు క్లర్క్ దగ్గర ఉంటాయి.

ఓహాయోచలి
అద్దెదారు మన తెలుగబ్బాయే, పౌరసత్వం కూడా ఉంది. ఒప్పుకున్నాడు. అర్జీలో ఏం రాయమనాలి?

నల్లరేగడి
ఇంటి అడ్రసు, సంవత్సరాలు, "బేస్‌మెంట్ పనికి ఇచ్చిన పర్మిట్లు, ఆమోదించిన ప్లాన్లు, తనిఖీ నివేదికల నకళ్లు" అని రాయమనండి. ప్రశ్నార్థకం ఒక్కటి కూడా పెట్టవద్దని చెప్పండి.

బ్లూబానెట్
ఖర్చు ఎంత అవుతుందో ముందుగా చెప్పమని కూడా ఒక వాక్యం చేర్చండి. ఈమెయిల్ కాపీ మీకూ పంపమనండి.